కార్డు చెల్లే చోటు

మార్చి 3, సోమవారం

మైకు ముందు మళ్లీ గొంతు పూడుకుపోయింది. ఉదయం ఏడు నలభై బండి. ‘దయచేసి వినండి’ వరకు వచ్చి ఆగిపోయాను. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు, ఒళ్లంతా చెమటలు. స్టేషన్ మాస్టరు వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, రికార్డు చేసిన ప్రకటన పెట్టారు.

పద్దెనిమిదేళ్లుగా ఈ స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు చెబుతున్నది నేను. ఇప్పటికీ కాంట్రాక్టు ఉద్యోగమే. నెలగా నా పని చాలావరకు మిషనే చేస్తోంది. ఇక ఈ నెలాఖరు దాకా పార్సిల్ ఆఫీసులో కూర్చోమన్నారు. ఆలోపు మెడికల్ ఫిట్‌నెస్ కాగితం తేవాలి.

గుండె డాక్టరేమో ఈసీజీ చూసి, గుండె గుండ్రాయిలా ఉంది, మనసు డాక్టరుకు చూపించుకోమన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. జనవరిలో జరిగింది ఇక్కడ కూడా రాయను.

మార్చి 5

ప్రైవేటు సైకియాట్రిస్టు ఫీజు విన్నాను. థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను.

నాకున్నది ప్రభుత్వ హెల్త్ కార్డు. హెల్ప్‌లైన్ అమ్మాయి ఆ కార్డు చెల్లే క్లినిక్కులు ఐదు చదివింది. వైద్యం ఎవరికి అని అడిగింది. నోటికొచ్చింది చెప్పేశాను, మా బావమరిదికి అని.

పాపం వాడు. రోజూ జిమ్‌కి వెళతాడు. దిండు మీద తల ఆనగానే గురక పెడతాడు. వాడికి లేని రోగం అంటగట్టాను. వింతేమిటంటే, వాడి రోగం గురించి చెబుతున్నంతసేపూ నా గొంతు ఎక్కడా తడబడలేదు.

మార్చి 6

మొదటి నంబరు వాడుకలో లేదు.

మార్చి 7

లంచ్ టైములో పార్సిల్ మూటల వెనక కూర్చుని ఫోన్లు చేశాను. రెండో చోట కార్డు తీసుకుంటారట, కానీ ఎముకలకు, కళ్లకు మాత్రమే. మనసుకు వర్తించదట. మూడో చోట మనసుకూ తీసుకుంటారు, కాకపోతే కొత్త పేషెంట్లకు జూలైలోనే ఖాళీ. అప్పటిదాకా ఏం చెయ్యాలని అడిగాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి, తెలియదండీ అంది. విసుగ్గా కాదు, నిజంగా బాధగానే.

మార్చి 10

నాలుగో క్లినిక్కు వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వెళ్లాను. ఆ అడ్రసులో టైర్ల షాపు ఉంది.

షాపాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, క్లినిక్కు ఎత్తేసి మూడేళ్లయిందన్నాడు. నెలకు ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ వస్తుంటారట. వాళ్ల మొహాలు చూస్తే గుమ్మంలోంచే పంపెయ్యబుద్ధి కాదట. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, తన పని తాను చేసుకున్నాడు. పది నిమిషాలు ఆ రబ్బరు వాసనలో కూర్చున్నాను. ఊపిరి బాగానే ఆడింది.

మార్చి 11

ఐదో చోటికి ఫోన్ చేశాను. కార్డు తీసుకుంటారు. మనసుకే తీసుకుంటారు. కొత్తవాళ్లనూ తీసుకుంటారు. నమ్మకం కుదరక రెండుసార్లు అడిగాను.

కౌంటరావిడ వివరాలు అడిగింది. బావమరిది పేరు చెప్పాను, వాడి వయసు చెప్పాను. కంగారులో ఇంటి ఫోన్ నంబరు ఇచ్చేశాను. వాడికి చెమటలు పడతాయని, మాట మధ్యలో ఆగిపోతుందని చెప్పాను. ఆవిడ రాసుకుంటూ ఆగింది.

“ఏమీ అనుకోకండి. మీ గొంతు రోజూ స్టేషన్‌లో వింటుండేదాన్ని. నెల నుంచీ మిషనే మాట్లాడుతోంది.”

అపాయింట్‌మెంటు ఎప్పుడని అడిగాను. ఆవిడ రెట్టించలేదు.

“పంతొమ్మిదిన పదింటికి రమ్మనండి మీ బావమరిదిగారిని. వెంట మీరూ రండి,” అంది.

మార్చి 14

కొంప మునిగింది.

హెల్త్ సెంటర్ నుంచి రిఫరల్ లెటరు తెచ్చుకోవాలని గుర్తు చెయ్యడానికి క్లినిక్కు నుంచి వేరెవరో ఇంటికి ఫోన్ చేశారు. మా ఆవిడ ఎత్తింది. తమ్ముడికి మనసు బాగా లేదని విని, చేస్తున్న పని వదిలేసి వాడి హెల్మెట్ల షాపుకి పరిగెత్తింది. కస్టమర్ల ముందే వాడిని పట్టుకుని ఏడ్చిందట. వాడు తనకేమీ లేదని ఒట్టేశాడు. ఈ జబ్బున్నవాళ్లు ఇలాగే ఒప్పుకోరు నాన్నా అందట. వాడు ఒట్లు వేసేకొద్దీ ఆమెకు భయం పెరిగింది.

నేను ఇల్లు చేరేసరికి ఇద్దరూ ముందుగదిలో ఉన్నారు. వాడి మొహం చూసి, ఇక దాచలేకపోయాను. నిలబడే చెప్పాను.

జనవరి 19. ప్లాట్‌ఫాం మారిందని, బండికి రెండు నిమిషాల ముందు నా చేతికి కాగితం వచ్చింది. చదివాను. అదే నా పని. జనం ఒక్కసారిగా వంతెన ఎక్కారు. మెట్ల మీద ఒక పెద్దావిడ పడిపోయింది. తుంటి విరిగింది. రెండు వారాలకు ఆసుపత్రిలో పోయింది. నా తప్పేమీ లేదని ఎంక్వైరీలో రాశారు. కానీ ఆవిడ పరిగెత్తింది నా గొంతు విని.

మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఇన్నాళ్లూ ఇది ఒక్కరే మోశారా? చెప్పుకోవడానికి నేను లేనా?” అంది.

బావమరిది లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“నా పేరు వాడుకుంటే వాడుకున్నావులే బావా. లెటరు మాత్రం నీ పేరు మీదే రాయించుకో. నన్ను చూస్తే ఏ డాక్టరూ ఇవ్వడు.”

ముగ్గురం నవ్వాం. నాకది నవ్వో ఏడుపో తెలియలేదు.

మార్చి 17

హెల్త్ సెంటర్‌లో డాక్టరు తల ఎత్తకుండా, పేషెంటు ఎవరన్నాడు. నేనే అన్నాను.

లెటరు దొరికాక, పేరు మార్చమని క్లినిక్కుకి ఫోన్ చేశాను. కౌంటరావిడే ఎత్తింది. ఆ పేరు పెన్సిల్‌తోనే రాసుకున్నానంది.

మార్చి 19

మెట్లెక్కి వెళితే రెండు గదులు, ఒక పొడుగాటి బెంచీ. కార్డు గీస్తే సర్వర్ డౌన్ అని వచ్చింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మూడోసారికి మిషను చీటీ కక్కింది.

డాక్టరు చిన్న వయసుది. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టండి అంది. బండి నంబరు నుంచి మొదలుపెట్టాను. వంతెన మెట్ల దాకా రాలేకపోయాను. అక్కడిదాకా ఇవాళే రానక్కర్లేదంది.

మార్చి 31

ఫిట్‌నెస్ కాగితం ఇప్పుడే ఇవ్వనంది డాక్టరు. వైద్యం జరుగుతోందని, మూడు నెలలు గడువు కావాలని రాసిచ్చింది. స్టేషన్ మాస్టరు రెండుసార్లు చదివారు. మైకు సంగతి మాటివ్వలేనని, పార్సిల్ ఆఫీసులో కుర్చీ మాత్రం నాదేనని అన్నారు. బాధ వేసింది. కాళ్లకింద నేల మాత్రం కదల్లేదు.

ఏప్రిల్ 9

ఇవాళ మెట్ల దాకా వచ్చాను. అక్కడ ఆగి బయటికి చూశాను. ఎదుటి బిల్డింగుకి తాడు కట్టుకుని ఒకతను పసుపు రంగు వేస్తున్నాడు. డాక్టరూ నేనూ కిటికీలోంచి అతన్ని చూస్తూ కూర్చున్నాం. ఆమె గడియారం చూడలేదు.