చుక్క చావలేదు

ఫిబ్రవరి 4, ఆదివారం

నక్షత్రం చచ్చిపోతుంటే నువ్వేం చేస్తున్నావు? ఇవాళ్టి ప్రసంగం ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. ప్రార్థన హాలు అదిరింది. పేపర్లో వచ్చిన ఆ నక్షత్రం ఫోటోలు రెండూ పెద్దవి చేయించి గోడకు అంటించాను. ఒకదాంట్లో చుక్క భగ్గుమంటోంది. రెండోదాంట్లో చుక్కే లేదు. ఆకాశం తీర్పు చెప్పేశాక డాక్టర్లెందుకు, కత్తులెందుకు, ఎవరు చెయ్యెత్తుతారని గర్జించాను. ముందు వరసలోంచి దర్జీ భార్య లేచి చెయ్యెత్తింది. కడుపులో గడ్డకు ఆపరేషన్ చేయించుకోనని, ప్రార్థనే చాలని మాటిచ్చింది.

మా సంఘంలో చెయ్యెత్తి ఇచ్చిన మాటకు తిరుగులేదు. మాట అడిగినవాడే అందరి ముందూ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించితే తప్ప విడుదల లేదు. నేను ఇంతవరకూ ఎవరి చెయ్యీ దించలేదు.

ఫిబ్రవరి 6

అల్లుడొచ్చాడు. టెలిస్కోపుల కెమెరాలు బాగుచేసే ఉద్యోగం. సృష్టి అంతా తనే దగ్గరుండి చేయించినట్టు నడుస్తాడు. భోజనాల దగ్గర అందుకున్నాడు. ఆ నక్షత్రం చావలేదు మామయ్యా అన్నాడు. మహా బరువైన నక్షత్రమట. ఒళ్ళంతా దుమ్ము కప్పుకుని ఉంటుందట. ఒక్కసారిగా కడుపులోది కక్కిందట. నిజంగా పేలి చచ్చిపోతే సూపర్‌నోవా అంటారట, అది ఇంతకన్నా ఎన్నో రెట్లు వెలిగేదట. కక్కిన దుమ్మే మళ్ళీ దాన్ని మూసేసిందట. ఇలాంటివాటిని ఇంపోస్టర్లు అంటారు, ఉత్త వేషం మామయ్యా అంటూ నా వైపే చూశాడు.

గ్రంథం తెరిచి కంచం పక్కన పెట్టాను. నక్షత్రాలు రాలతాయని రాసి ఉంది, చదవమన్నాను. రాసి ఉంది సరే, రాలినట్టు మీ ఫోటోలో ఎక్కడుంది అన్నాడు. చెయ్యి కడిగేసుకున్నాను. అన్నం ఏం చేసింది నాన్నా, దాని మీద కోపమెందుకు అంది కూతురు. నవ్వు ఆపుకుంటోంది.

ఫిబ్రవరి 7

సాతాను మెడలో ఐడీ కార్డు వేసుకుని తిరుగుతాడని నాకెవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

అల్లుడు పిలవకుండానే హాలుకు వచ్చాడు. నా రెండు ఫోటోల పక్కన మూడోది అంటించాడు. ఇన్‌ఫ్రారెడ్‌లో తీసిందట. చుక్క పోయిన చోటే ఎర్రటి మచ్చ. లోపలి వెలుగుకు దుమ్ము కాగుతోందట. కంటికి ఆనని ఆ వేడి ఈ కెమెరాకు కనబడుతుందట.

చింపి పారేశాను. ఇంపోస్టరెవడో ఇక్కడే తేల్చుకుందామన్నాను. దర్జీ లేచి, చావలేదంటే మరి మా ఆవిడ చెయ్యి అయ్యగారూ అని నసిగాడు. కూర్చోమని అరిచాను. కూర్చున్నాడు. ఆమె మాత్రం నన్నే చూస్తోంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

ఫిబ్రవరి 14, సాయంత్రం

విశ్వాసం సడలకుండా నాలుగు మాటలు చెబుదామని దర్జీ కొట్టుకు వెళ్ళాను. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందట. రేపు తొమ్మిదింటికల్లా రాకపోతే మంచం వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. మీరు చెయ్యి దించితే తప్ప కదలనంటోంది, నా మాట వినే మనిషైతే పెళ్ళైన కొత్తలోనే వినేది అయ్యగారూ అన్నాడు.

వాక్యం అందుకున్నాను. ఊపులో గ్రంథం పెట్టడానికి చోటు కావలసి బల్ల మీది ఇస్త్రీపెట్టెను అరచేత్తో పక్కకు తోశాను. చర్మం అంటుకుపోయింది. ఎరుపు లేదు, పొగ లేదు. ప్లగ్గు కూడా పీకేసి ఉంది.

చూడ్డానికి చల్లగానే ఉంటుంది అయ్యగారూ, లోపల కాగుతూనే ఉంటుంది అంది కొట్టు వెనక నుంచి వచ్చిన దర్జీ భార్య. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, నొప్పికి వంగిపోయి, రెండో చేత్తో నా అరచేతి మీద నీళ్ళు పోసింది.

ఆ నీళ్ళు పోసే చెయ్యి అక్కడే పట్టుకోవచ్చు. పట్టుకోలేదు. అల్లుడి మొహం కళ్ళ ముందు మెదిలి ఒళ్ళు మండిపోయింది. గ్రంథం చంకలో పెట్టుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి 15, తెల్లారింది

అరచెయ్యి బొబ్బలెక్కింది. గ్రంథం పట్టుకోలేకపోతున్నాను.

దాన్ని ఇక్కడే పెట్టి వెళ్ళు. అల్లుడు నవ్వితే నవ్వనీ. సంఘం కూడకపోతే వీధినే సంఘం అనుకో. ఆ గడ్డ నీ ప్రసంగం అయ్యేదాకా ఆగదు. రాసింది చాలు, పెన్ను కింద పెట్టు. చెప్పులు వెతక్కు. లే, పరుగెత్తు, తొమ్మిది కాకముందే ఆమె చెయ్యి దించు. ఇవాళే.