కంకర గుంటలో ఆరు శనివారాలు

ఏప్రిల్ 4, మంగళవారం

గార్త్ రసీన్ దగ్గర పిస్టల్ నేర్చుకోవడానికి ఒప్పుకున్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

గార్త్ మా అక్క మారిట్ మాజీ మొగుడు. మిలిటరీ పోలీసులో తొమ్మిదేళ్ళు చేశాడు, అక్కడ కొత్తవాళ్ళకి పిస్టల్ నేర్పింది అతనే. జూన్ 6న నేను వెళ్ళేదీ ఆ ఉద్యోగానికే. ముప్పై టార్గెట్లలో పదహారు కొట్టకపోతే ఆ ఉద్యోగం ఇవ్వరు. రిక్రూటర్ సార్జెంట్ ఓకాంపో మాత్రం నవ్వేశాడు. ముందుగా ఏమీ నేర్చుకు రానక్కర్లేదు, అన్నీ వాళ్ళే నేర్పుతారట. పిస్టల్ చప్పుడుకి నేను ఎగిరిపడతానని ఆయనకి చెప్పలేదు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు అక్క వాళ్ళింట్లో వారం ఉన్నాను. అక్క వంట చేస్తోంది. గార్త్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని పిస్టల్ పైన జారే ఇనుప భాగం, ఆ స్లైడు, వెనక్కి లాగి వదులుతున్నాడు. లాగుతాడు, వదులుతాడు. భోజనం అయ్యేదాకా అదే పని. ఒక్క మాట అనలేదు. ఎవరినీ కాల్చలేదు. అంతే జరిగింది. ఆ తర్వాత రెండేళ్ళకి అక్క చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఈ ఏర్పాటు చేసింది అమ్మ. చలికాలమంతా మన వాకిట్లో మంచు తోసిపెట్టేది ఎవరనుకున్నావు అంది. నిన్నేం కొరుక్కు తినడులే అంది.

ఏప్రిల్ 8, శనివారం

ఊరి బయట కంకర గుంట. అంచుల్లో ఇంకా మంచు ఉంది. కట్టెలకి పేపర్ ప్లేట్లు కొట్టి పెట్టాడు, ముప్పై. 'ఏం పిల్లా, పోలీసువవుతావా? ముందు కళ్ళు తెరిచి కాల్చడం నేర్చుకో' అన్నాడు.

నాలుగు తగిలాయి. 'ఆ ప్లేట్లు మళ్ళీ భోజనానికి వాడుకోవచ్చు' అన్నాడు.

అసలు గార్త్ దగ్గర తుపాకీ ఉండకూడదు. అక్క ఉన్న చోటికి వెళ్ళకూడదని, ఆయుధం ముట్టుకోకూడదని కోర్టు ఆర్డరు ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. అమ్మకి తెలుసు. అమ్మకి అది ఉత్త కాగితం. నాకు అది, ఈ ఆరు వారాలకి, చూడకుండా పక్కన పెట్టిన కాగితం.

ఏప్రిల్ 15, శనివారం

గార్త్ మంచి గురువు. అదే నా కడుపుమంట.

ఇవాళ మ్యాగజైన్‌లో నాకు చెప్పకుండా ఒక ఉత్తుత్తి గుండు కలిపాడు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మంది, పేలలేదు. కానీ పిస్టల్ మూతి బెత్తెడు కిందికి వాలింది. పేలుతుందని నా చెయ్యి ముందే భయపడింది. 'చూశావా? గురి తప్పించేది తుపాకీ కాదు. నువ్వే' అన్నాడు. తిట్టలేదు. అరవలేదు. ఎనిమిది సార్లు అదే చేయించాడు, ఎనిమిదోసారి మూతి కదల్లేదు.

ఇంత ఓపిక అక్క దగ్గర ఎక్కడికి పోయింది?

ఏప్రిల్ 16

చేతులకంటిన మందుగుండు వాసన పోవడం లేదు. పనిచేసే దుకాణంలో పొద్దంతా పిండి పిసికినా పోలేదు.

ఏప్రిల్ 22, శనివారం

పదమూడు.

ప్లేట్లు మారుస్తూ, మీ అక్క ఇంకా ఆ పాత నీలం కారే నడుపుతోందా అని అడిగాడు. వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు. తెలియదన్నాను. 'నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందిలే' అన్నాడు. నిజమే. అక్క ఎక్కడుందో అమ్మకి కూడా తెలియదు. అమ్మ నోరు ఆగదని అక్క నాకొక్కదానికే చెప్పింది.

ఏప్రిల్ 27

అక్క ఫోన్ చేసింది. డులూత్‌లో పళ్ళ డాక్టరు దగ్గర పని, కొత్త అపార్ట్‌మెంట్. నా ప్రాక్టీసు ఎలా ఉందని అడిగింది. క్లబ్బులో ఒక ముసలాయన నేర్పుతున్నాడన్నాను. ఆ ముసలాయనకి ఒక పేరు కూడా పెట్టాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

ఏప్రిల్ 29, శనివారం

పందొమ్మిది! పాసు మార్కు దాటింది. కారులో ఒక్కదాన్నే కేకలేశాను.

ఇప్పటినుంచి టైము పెట్టి కొట్టాలన్నాడు. తన ఫోన్ చలికి చచ్చిపోయిందట, నా ఫోన్‌లో టైమర్ పెట్టి ఇమ్మన్నాడు. లాక్ తీసి ఇచ్చాను. వెనక నిలబడి బీప్ కొడతాడు, నేను కాలుస్తాను.

ఏప్రిల్ 30

అక్క మెసేజ్ పెట్టింది. వెళ్ళేముందు వచ్చి రెండు రోజులు ఉండమని. కింద అడ్రసు, ఫ్లాట్ నంబరు, కారు ఎక్కడ పెట్టుకోవాలో కూడా.

మే 6, శనివారం

ఇరవై రెండు. కుట్టే నల్ల ఈగలు మొదలయ్యాయి, చెవుల వెనక రక్తం.

మీ అక్కకి కూడా నేర్పుదామనుకున్నాను, వినేది కాదు అన్నాడు గార్త్. 'నేర్పి ఉంటే నువ్విక్కడ నిలబడి ఉండేవాడివి కాదు' అన్నాను. నవ్వాడు. ఆ తర్వాత గంటసేపు బీప్ కొడుతూనే ఉన్నాడు.

మే 13, శనివారం, పగలు 11:40

పెట్రోల్ బంకు వెనక కారు ఆపి రాస్తున్నాను. రాయకపోతే ఏది ముందో ఏది వెనకో కలిసిపోతుంది.

నాలుగో విడత. నేను పిస్టల్ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. బీప్ రాలేదు. వెనక్కి తిరగకూడదు. చేతిలో గుళ్ళున్న పిస్టల్ ఉండగా తిరగకూడదని మొదటి రోజు అతను నేర్పిన మొదటి పాఠం. తిరగలేదు. నన్ను తొందరపెట్టి పరీక్షిస్తున్నాడనుకున్నాను. శ్వాస చూసుకున్నాను, గురి చూసుకున్నాను. చాలాసేపటికి బీప్ వచ్చింది. కొట్టాను. ఒక్కటి కూడా తప్పలేదు. మొత్తం ఇరవై ఏడు. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు.

స్లైడు వెనక్కి ఆగిపోయింది, పిస్టల్ ఖాళీ. బల్ల మీద పెట్టి తిరిగాను. నా ఫోన్ చేతికిచ్చాడు. అక్క మెసేజ్‌లు తెరిచి ఉన్నాయి. అడ్రసు దాకా పైకి జరిపి ఉన్నాయి. మూసేయడానికి కూడా ప్రయత్నించలేదు. నేను చూడాలనే వదిలేశాడు.

'డులూత్‌లో అద్దెలు మండిపోతున్నాయట కదా' అన్నాడు.

నేనేమన్నానో గుర్తులేదు. తిట్టాననుకుంటాను. అతను బల్ల మీది పిస్టల్ తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. ఇరవై ఏడంటే ఎక్స్‌పర్ట్, ఇక నీకు నా అవసరం లేదు, లెక్క సరిపోయింది అన్నాడు. ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

ఆ పిస్టల్‌లో ఇంకొక్క గుండు ఉండి ఉంటే అని ఇప్పటికి నాలుగుసార్లు అనుకున్నాను. ఖాళీగా ఉండడమే మంచిదైంది.

అక్కకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను, ముసలాయన సంగతితో సహా. అరుస్తుందనుకున్నాను. ఎన్ని వారాలు అని మాత్రం అడిగింది. ఆరు అన్నాను. పెట్టేసింది.

మధ్యాహ్నం 3:10

షెరిఫ్ ఆఫీసులో డెప్యూటీ హైకినెన్‌కి చెప్పాను. తుపాకీ ఎక్కడ చూశావు, ఎన్నిసార్లు, ఎప్పటినుంచి అని అడిగాడు. చెప్పాను. ఆయన పెన్ను ఆపి, ఆర్డరు ఉందని నీకు ముందే తెలుసా అన్నాడు. తెలుసన్నాను. మళ్ళీ రాసుకున్నాడు.

మే 14, మదర్స్ డే

అమ్మ పంది తొడ బేక్ చేసి ముగ్గురికి ప్లేట్లు పెట్టింది. మూడోది గార్త్‌కి. గార్త్ రాలేదు. రెండింటికి హైకినెన్ ఫోన్ చేశాడు. డులూత్‌లో అక్క అపార్ట్‌మెంట్ ఎదుట ట్రక్కులో గార్త్ పొద్దుటి నుంచి కూర్చున్నాడట. అక్క నిన్న సాయంత్రమే స్నేహితురాలి ఇంటికి వెళ్ళిపోయి, అక్కడి పోలీసులకి చెప్పి ఉంచింది. అతన్ని పట్టుకున్నారు, సీటు కింద పిస్టల్ దొరికింది. ఆరు వారాలు నేను పట్టుకున్నదే.

అమ్మకి చెప్పాను. 'మాట్లాడుకుందామని వెళ్ళుంటాడు, దానికింత రాద్ధాంతమా' అంది. పిస్టల్ సంగతి చెప్పాను. ఆ మాట వినపడనట్టు మూడో ప్లేటు తీసి లోపల పెట్టింది.

మే 17

అమ్మ ఇల్లు వదిలి వెళ్ళమంది. కడుపున పుట్టిన ఇద్దరూ ఒక మంచివాణ్ణి జైల్లో పెట్టించారట. 'అతను నీకు నేర్పాడే, అన్నం పెట్టిన చేతినే నరికావు' అంది. నువ్వు అక్కని ఎన్నిసార్లు నరికావో లెక్కపెట్టుకో అన్నాను. చెంప మీద కొట్టింది. నేను కదల్లేదు. ఎగిరిపడడం పోయింది, చూశావా అనుకున్నాను. గర్వంగా కూడా అనిపించింది. ఛీ.

నేను పనిచేసే పాస్టీల దుకాణం, మాంసం, దుంపలు కూరిన రొట్టెలు కాల్చేది, దాని పై గది ఇచ్చింది మా యజమానురాలు ఐలీ. ఏమీ అడగలేదు. పొద్దున్న నాలుగున్నరకి దిగి బంగాళదుంపలు తరగమంది.

మే 24

గార్త్ గరాజ్‌లో ఇంకో నాలుగు తుపాకీలు దొరికాయి. ఈ కౌంటీ కోర్టులో దాని మీద విడిగా కేసు. సాక్షిని నేనే. తేదీ జూన్ 7.

నా బస్సు జూన్ 6.

మే 25

ఓకాంపో దగ్గరికి వెళ్ళాను. తేదీ జరిపితే మిలిటరీ పోలీసు సీటు వేరేవాళ్ళకి పోతుంది అన్నాడు. మళ్ళీ ఖాళీ వస్తే వస్తుంది, లేకపోతే వంటవాళ్ళలో చేరాలి. వాంగ్మూలం కాగితం మీద రాసిచ్చి బస్సెక్కు, ఎవరూ తప్పనరు అన్నాడు. మంచి మనిషి, నిజంగానే నా మేలు కోరి చెప్పాడు.

హైకినెన్‌ని అడిగాను. కాగితమైతే గార్త్ లాయరు నమిలి ఉమ్మేస్తాడన్నాడు.

అక్క నా మెసేజ్‌లకి జవాబివ్వడం లేదు. పదకొండు పెట్టాను.

జూన్ 6, ఉదయం 9

బస్సు వెళ్ళిపోయింది. దుకాణం కిటికీలోంచి చూశాను. నా చేతినిండా పిండి.

జూన్ 7, బుధవారం

అక్క వచ్చింది. నాకన్నా రెండు వరసల ముందు కూర్చుంది. వెనక్కి చూడలేదు. అమ్మ అటువైపు, గార్త్ వెనక కూర్చుంది. అతని చొక్కా ఇస్త్రీ చేసింది అమ్మే, ఆ మడతలు నాకు తెలుసు.

గార్త్ లాయరు చాలా మర్యాదగా అడిగాడు. 'ఆరు వారాలు ఆ తుపాకీ మీకు పనికొచ్చింది. అందుకే ఎవరికీ చెప్పలేదు. అవునా?' ఏదేదో వివరించాలని ఉంది. స్లైడు చప్పుడు గురించి, నా పద్నాలుగేళ్ళప్పటి ఆ వారం గురించి. అక్క తల వంచుకుంది, పాపిట మాత్రమే కనపడుతోంది.

అవును అన్నాను.

'అంటే మీ అక్క క్షేమం కన్నా మీ స్కోరు ముఖ్యం.'

'అప్పుడు, అవును' అన్నాను. 'ఇప్పుడు కాదు, అందుకే నిన్న బస్సు ఎక్కలేదు' అన్నాను. జడ్జి ఆ రెండో వాక్యం కూడా రాసుకోమని గుమాస్తాకి చెప్పింది.

గార్త్ ఒక్కసారే నా వైపు చూశాడు. కోపం లేదు. నిలబడిన తీరు సరిచూస్తున్నట్టు, నా పాదాల నుంచి భుజాల దాకా చూశాడు.

బయట అక్క కారు తలుపు తీసి ఆగింది. పాత నీలం కారు కాదు. చివరికి స్కోరెంత అంది. ఇరవై ఏడు అన్నాను.

'ఇరవై ఏడు' అని తనలో తాను అనుకున్నట్టు అంది. ఎక్కి వెళ్ళిపోయింది.

జూన్ 30

గార్త్‌కి ఇక్కడ ఇరవై రెండు నెలల జైలు. డులూత్ కేసు ఇంకా తేలాలి.

అక్క దగ్గర నుంచి ఒక మెసేజ్: శిక్ష పడిందని విన్నాను. అంతే. కొత్త అడ్రసు ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ఆగస్టు 2

ఓకాంపో ఫోన్ చేశాడు. ఎవరో మోకాలు విరగ్గొట్టుకున్నారట. సీటు ఖాళీ. ఇరవై ఒకటిన బయలుదేరు అన్నాడు. ఐలీ పెద్దావిడ దారికి నాలుగు పాస్టీలు కట్టిస్తానంటూనే, ఇక పొద్దున్నే దుంపలెవరు తరుగుతారని నన్నే తిట్టింది.

అక్టోబరు 29, ఆదివారం

నిన్న పిస్టల్ పరీక్ష. ఇరవై తొమ్మిది. మా బృందంలో అందరికన్నా ఎక్కువ.

ఎవరు నేర్పారని డ్రిల్ సార్జెంట్ అడిగాడు. మా అక్క మాజీ మొగుడు అన్నాను. గట్టి గురువు, ఉత్తరం రాసి థ్యాంక్స్ చెప్పు అన్నాడు. యెస్, డ్రిల్ సార్జెంట్ అని అరిచాను.

తర్వాత పిస్టల్ విప్పి తుడుస్తూ నా వేళ్ళని చూశాను. స్లైడు లాగి వదిలే తీరు, నాది కాదు.