మోగి మోగి

ప్రియమైన బుజ్జికి,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదని అలిగావా? చెవుల్లో హోరు తగ్గితే కదే రాసేది! మా నీటిశుద్ధి కేంద్రంలో కొత్త కంప్యూటర్ తెరలు పెట్టినప్పటినుంచి అలారాలు పొద్దస్తమానం మోగుతూనే ఉన్నాయి. పంపు కాస్త వేడెక్కితే మోత, ఎవరైనా తలుపు తీస్తే మోత. మా అత్తగారైనా మధ్యలో ఊపిరి తీసుకునేది. మీట నొక్కి దాని నోరు మూయించి పని చూసుకోవడం మా అందరికీ అలవాటైపోయింది.

పోయిన వారం నా పక్క కుర్చీలో పెద్దాయన అలాగే ఒకటి నొక్కేశాడు. తీరా అది నిజంది. క్లోరిన్ సిలిండర్ల గదిలో గ్యాస్ లీకైంది. ఊడ్చే ఆవిడ లోపలే ఉంది. ప్రాణం దక్కింది గానీ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. అంతా ఆయన నిర్లక్ష్యమేనని కాగితం రాసి, పైవాళ్లు నన్ను సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే నా మెడకూ చుట్టుకుంటుందట. ఏం చెయ్యనే?

నీ అక్క

అక్కా,

డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోకుండా రాస్తున్నాను. మా వార్డులోనూ మంచానికో మెషిను, మెషినుకో కూత. నేనూ నొక్కేస్తుంటాను. పెద్దాయన్ని తప్పుపట్టే మొహం నాకు లేదు.

అయినా చెబుతున్నాను, సంతకం పెట్టెయ్. బావగారి నడుము బాగై పనిలోకి వెళ్లేదాకా ఇల్లు నీ జీతం మీదే నడవాలి. పెద్దాయన పిల్లలు ఎదిగొచ్చారు. నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

నీ చెల్లి

బంగారు తల్లీ,

తిట్టుకోలేదు. సంతకం పెడదామనే బయల్దేరాను. ముందు ఆ ఊడ్చే ఆవిడను ఒకసారి చూస్తే మనసు గట్టిపడుతుందనిపించి ఆసుపత్రికి వెళ్లాను. మాట మాటకీ ఆయాసపడుతోంది. కాస్త ఊరట కలుగుతుందేమోనని, "పెద్దాయన్ని తీసేస్తున్నారు" అన్నాను.

"తీసేస్తే? ఆ కుర్చీలోకి ఇంకొకడొస్తాడు. ఆ మోత అలాగే ఉంటుంది. మళ్లీ ఆ గదిలోకి పోవాల్సింది నేనే కదమ్మా!" అంది.

మర్నాడు విచారణలో ఆ కాగితం నా ముందు పెట్టారు. నోరు తెరిచేదాకా ఏం చెబుతానో నాకే తెలియదు. "ఆ కుర్చీలో నేనున్నా అదే నొక్కేదాన్ని. రోజూ నొక్కుతూనే ఉన్నాను" అనేశాను.

"ఇది రాసుకోమంటావా?" అన్నాడు ఆఫీసరు.

"రాసుకోండి."

ఆ తర్వాత మిగతా షిఫ్టులవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లి అదే మాట చెప్పారు. పెద్దాయన ఉద్యోగం నిలిచింది. పనికిమాలిన అలారాలు చాలావరకు తీయించారు. నాకు రావాల్సిన ప్రమోషన్ మాత్రం పోయింది. మీ బావ "పోతే పోయిందిలే" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఏడ్చే ఓపిక కూడా లేకపోయిందే నాకు.

నిన్న ఊడ్చే ఆవిడ పనిలోకొచ్చింది. గదిలోకి వెళ్లబోతూ నా కిటికీ దగ్గర ఆగింది.

"అమ్మాయీ, ఉన్నావా?"

"ఉన్నానక్కా, వెళ్లు" అన్నాను.

ఆవిడ బయటికొచ్చేదాకా తెర మీంచి కళ్లు తిప్పలేదు.

నువ్వూ కాస్త నిద్రపో.

అక్క