రెప్ప వేయని బావగారికి

బావగారూ,

ఎదురుగా చెబితే అరుస్తానని రాస్తున్నాను. గడియారాల కొట్టు అమ్మేస్తానని అక్కతో అన్నారట. చూపు పోతోందని మీకు మీరే తీర్పు చెప్పేసుకున్నారు! డాక్టరమ్మ అలా అనలేదు, పక్కనే ఉండి విన్నాను. కళ్లు పొడిబారాయి, అంతే అంది. "నీళ్లు ధారగా కారుతుంటే పొడేమిట్రా? వరదలో కరువా? కరపత్రాలు చదివి వైద్యుడివైపోయావు!" అని నన్ను వెక్కిరించి, ఆవిడ ఇచ్చిన చుక్కల సీసాను సొరుగులో పడేశారు. కన్ను ఎండి మండుతుంటేనే ఆ నీళ్లు ఉబుకుతాయి బావా, అవి కంటిమీద నిలవవు. ఈ ముక్క ఆవిడ బల్లమీది కరపత్రంలోనే ఉంది.

రెప్ప కదిలితే చెయ్యి కదులుతుందని మీ గురువు నేర్పాడు. అందుకే భూతద్దం పెట్టుకున్నారంటే మీరు రెప్ప వేయడమే మరిచిపోతారు. మనిషి కళ్లను ఎండగట్టే విద్యను నేను ఒప్పుకోను! ఒక్కో చక్రం బిగించాక కాసేపు కళ్లు మూసుకోండి. చుక్కలు మానకండి. కొట్టు అమ్మే బేరం నెల్లాళ్లు ఆపండి.

మీరు కళ్లు మూసుకున్నంతసేపూ గల్లా దగ్గర నేను కూర్చుంటాను. తొందరపెట్టే వాళ్లకు నేనే జవాబు చెబుతాను. కంగారుపడకండి, మెల్లగానే చెబుతాను.

మీ బావమరిది