నంబరు ప్లేటు లేని బండి

జూన్ 3, మంగళవారం

రాయాలని లేదు. అయినా రాస్తున్నాను.

పొద్దున ఏడింటికి, కాలవ గట్టు మలుపులో నా ఎలక్ట్రిక్ బండి ఒక మనిషిని కొట్టింది. కాదు, నేనే కొట్టాను. చేపల తట్టతో రోడ్డు దాటుతోంది. బ్రేకు పట్టాను, ఆగలేదు. మట్టగిడసలు దుమ్ములో కొట్టుకుంటున్నాయి, ఆమె మాత్రం కదలడం లేదు...

ఇంటింటికీ తిరిగి ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు చేసే నర్సుని. బ్యాగులో బ్యాండేజీలున్నాయి. ఎవరో చెక్క బద్ద తెచ్చిచ్చారు. కాలు కదలకుండా కట్టాను. మోకాలి కింద విరిగింది.

పేరు నాంచారమ్మట. అంబులెన్సులో బందరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎక్కించేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "నీ బండి సప్పుడే రాలా తల్లీ... నేనే చూసుకోలా."

జూన్ 4, బుధవారం

కళ్లు మూస్తే ఆ మలుపే.

బండి కొన్నప్పుడు షాపతను అన్న మాట గుర్తొస్తోంది. "లైసెన్సు అక్కర్లేదు మేడం, నంబరు అక్కర్లేదు. సైకిలు లెక్కండీ ఇది." నమ్మాను. వారం తర్వాత నేనే మళ్లీ వెళ్లాను, మరీ మెల్లగా పోతోంది, పేషెంట్లు ఎదురుచూస్తున్నారని. సీటు ఎత్తి ఒక వైరు పీకాడు. "ఇప్పుడు నలభై అయిదు లాగుద్ది. అందరూ తీయించుకుంటున్నారండీ."

నిన్న మలుపు దగ్గర మీటరు నలభై రెండు చూపించింది. చూశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

జూన్ 5, గురువారం

విజయవాడలో ఉన్న తమ్ముడు డేవిడ్‌కి ఫోన్ చేశాను. బెంజ్ సర్కిల్ దగ్గర డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు, వాడికి రూల్సు తెలుసు. మొత్తం విన్నాడు.

"ఇరవై అయిదు లోపు స్పీడు, రెండు వందల యాభై వాట్ల లోపు మోటారు ఉంటేనే అక్కా, ఏమీ అక్కర్లేనిది. ఆ వైరు పీకించాక అది మోటారు వాహనమే. లైసెన్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, హెల్మెట్టు... నీ దగ్గర ఏముంది?"

ఏమీ లేదు.

"షాపువాడు నీకు సగమే చెప్పాడు."

మిగతా సగం నేను అడగలేదు.

జూన్ 6, శుక్రవారం

పోలీసు స్టేషను నుంచి ఫోన్. సోమవారం బండి తీసుకుని రావాలట.

వీధిలో ఏదో మోటారు సైకిలు ఆగితే వంటింట్లోకి వెళ్లి తలుపు వెనక నిలబడ్డాను. పాలవాడు.

జూన్ 7, శనివారం

షాపతను ఫోన్ చేశాడు. ఎలా తెలిసిందో... "బండి ఓసారి తీసుకురండి మేడం. పది నిమిషాల్లో వైరు కలిపేస్తాను. ఎవరికీ తెలీదు."

మా ఆయనదీ అదే మాట. "కేసైతే నిన్నింక ఎవరు ఇంట్లోకి రానిస్తారు? సూది ఎవరు వేయించుకుంటారు?"

బండి నడిపించుకుంటూ షాపు సందు దాకా వెళ్లాను. షట్టరు సగం ఎత్తి ఉంది. స్క్రూడ్రైవరు పట్టుకుని చెయ్యి ఊపాడు. తిరిగి వచ్చేశాను. ధైర్యం కాదు. పట్టుబడితే ఏమవుతుందోనని ఇంకో భయం, అంతే.

జూన్ 8, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. బస్సెక్కి బందరు వెళ్లాను. నాంచారమ్మ కూతురు దుర్గ లేచి నాకు స్టూలిచ్చింది. కట్టు సరిగ్గా కట్టారని డాక్టరు మెచ్చుకున్నారట. "పోలీసోళ్లొచ్చారమ్మా. నీ తప్పేం లేదనే చెప్పా," అంది నాంచారమ్మ.

చెప్పేశాను. వైరు సంగతి, నలభై రెండు, లైసెన్సు లేని సంగతి. ఆమెకి అంతా అర్థమైందో లేదో. ఒక్కటే అడిగింది.

"అంటే, మెల్లగా వస్తే ఆగేదా?"

"ఆగేదేమో..."

"ఏమోనా?"

"ఆగేది."

నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. దుర్గ నన్ను బయటికి వెళ్లమంది.

జూన్ 9, సోమవారం

స్టేషను. ఎస్సై గారు బండి చుట్టూ ఓసారి తిరిగి, "ఇదెంత స్పీడు పోద్దమ్మా?" అన్నారు.

"ఇరవై అయిదే పోవాలండీ. నలభై అయిదు పోతుంది. వైరు నేనే తీయించాను."

పెన్ను ఆగింది. "ఏం చెబుతున్నారో తెలుస్తోందా మీకు?"

తెలుసన్నాను. బల్ల అంచు పట్టుకున్నాను.

బండి అక్కడే ఉంచేశారు. రేపు పదింటికి బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారొచ్చి పరీక్ష చేస్తారు, నేను ఎదురుగా ఉండాలి. కేసు ఎక్కడిదాకా పోతుందండీ అని అడిగితే, ఇప్పుడే చెప్పలేం అన్నారు.

సాయంత్రం దుర్గ ఫోన్. తిడుతుందేమోనని రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాను.

"రేపు పదింటికి ఆపరేషను. మా అమ్మ మిమ్మల్ని రమ్మంటోంది. ఎందుకని అడిగితే చెప్పట్లేదు."