పదకొండు గంటల టెంటు

కార్మిక శాఖ అధికారి గారి సముఖమునకు,
ట్రాలీ ఆటో డ్రైవర్ బాల్‌రాజ్, మొయినాబాద్, వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య మంజుల మృతి విషయమై కాంట్రాక్టర్ తమకు సమర్పించిన ఫోటోను సాక్ష్యముగా స్వీకరించరాదని మనవి.

1. నేను సదరు కాంట్రాక్టర్ దగ్గరే ఆటో నడుపుతాను. ఆయనకు శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్‌లలో మూడు వెంచర్ల పనులు, మూడింటికీ కలిపి ఒకటే టెంటు. ఎండకాలం కూలీలకు నీడ, మజ్జిగ కల్పించినట్టు రోజూ ఫోటో ఉండాలట. పది గంటలకు శంకర్‌పల్లి, పదకొండుకు చేవెళ్ల, పన్నెండుకు మొయినాబాద్. నేను టెంటు వేస్తాను, కూలీలు కింద కూర్చుంటారు, నాతో వచ్చే సూపర్‌వైజర్ జైపాల్ ఫోటో తీస్తాడు, నేను టెంటు విప్పుతాను. అంతా పావుగంట పని. చేతిలో గ్లాసులు కూడా పెడతాం. వాటిలో మజ్జిగ ఉన్నదా అని ఫోటో అడగదు.

2. మంజుల చేవెళ్ల సైటులో రాళ్లు మోసేది. మే పద్నాలుగున ఫోటో అయ్యాక నేను తాళ్లు విప్పుతుంటే, "జర తల తిరుగుతున్నది. ఇంకో పది నిమిషాలు ఉంచరాదూ?" అన్నది.

"మొయినాబాద్‌ల లేటయితే జైపాలన్న ఊకోడు. కొంగు కప్పుకో" అన్నాను.

"సరే తియ్యి" అని లేచింది. టెంటు ఒక కొస పట్టుకుని మడత పెట్టడానికి సాయం కూడా చేసింది.

3. రెండు గంటలకు ఆమె పడిపోయింది. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదు. తమరు నోటీసు ఇవ్వగా, సదరు కార్మికురాలు నీడలోనే ఉన్నదని, ఏదో పాత జబ్బుతో పోయిందని కాంట్రాక్టర్ జవాబిచ్చి ఫోటో జతపరిచాడు. అందులో ఆమె మొదటి వరుసలో నవ్వుతూ ఉన్న మాట నిజమే. నవ్వమన్నది నేనే. ఆమెకు ఏ జబ్బూ లేదు.

4. ఆ ఫోటో పదకొండు గంటలది. పదకొండుంబావుకు అక్కడ నీడ లేదు. "టెంటు ఇప్పినోడివి నువ్వే గద, రాసిస్తే నీ పేరే ముందు వస్తది. జర ఆలోచన చేసుకో బాల్‌రాజ్" అని జైపాల్ ఇంటికి వచ్చి చెప్పిపోయాడు. ఆలోచన చేసుకునే రాస్తున్నాను. నా పేరు ముందే రాసుకోండి.

5. మంజుల పోయిన మరునాడు, పరామర్శకు వచ్చిపోయేవాళ్ల కోసం కాంట్రాక్టర్ మా ఇంటి ముందుకు అదే టెంటు పంపాడు. పొద్దున వేసినదాన్ని చీకటి పడేదాకా ఎవరూ విప్పలేదు.

కావున తమరు దయతో ఆ ఫోటోను రద్దుపరచి, మంజుల ఎండదెబ్బతో చనిపోయినదని నమోదు చేయించి, ప్రతి సైటుకూ పొద్దంతా విప్పని టెంటు ఒకటి వేయించవలసినదిగా కోరుకుంటూ, ఈ నాలుగు మాటలు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బాల్‌రాజ్

తా.క.: రద్దు చేసిన తర్వాత ఆ ఫోటోను చింపకండి సార్, నాకు ఇప్పించండి. అందులో మంజుల నీడలో ఉన్నది.