కొర్ర పిల్లల్ని పెట్టింది

అమ్మా హరితా,

బాగున్నావా అని అడగకూడదని తెలుసు. అలవాటు పోలేదు... నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఇన్నాళ్లూ నీకు రాయడానికి నా దగ్గర ఒక్క మంచి మాట కూడా లేదు. ఇప్పుడుంది. కాలు ఒకచోట నిలవడం లేదు తల్లీ.

నీ కొర్ర పిల్లల్ని పెట్టింది! తొమ్మిది! గుడ్లు కాదమ్మా, పిల్లలే! అగ్గిపుల్లంత లావు. చుట్ట చుట్టుకుంటే రూపాయి బిళ్లంత. పుట్టడంతోనే వీపు మీద మూడేసి గీతలు, ఎవరో కూర్చుని గీసినట్టు! ముప్పై ఏళ్లు బండల ఫ్యాక్టరీలో రాళ్లు కోసిన ముసలోణ్ణి, ఆ అద్దం ముందు కూర్చుని ఏడ్చాను. నువ్వు పుట్టిన రోజు కూడా ఇట్లాగే ఏడిస్తే మీ అవ్వ నవ్వింది.

ఈ పొద్దున ఇంకో సంతోషం జరిగింది. అది చివర చెబుతాను. ముందు జరిగినవన్నీ చెప్పాలి. అన్నీ మంచివి కావు.

దీపావళి తర్వాత నస్రీన్ వచ్చింది. బెంగుళూరు పశువుల ఆసుపత్రిలో నీతోపాటు పనిచేసిన పిల్లే. ఎవరో పెంచలేక వదిలేస్తే నువ్వు తెచ్చుకున్న ఆ రెండు విదేశీ గార్టర్ పాముల్ని డబ్బాలో పెట్టుకుని మైదుకూరు దాకా వచ్చింది. పాపం, వాళ్ల ఇంట్లో ఇంక ఒప్పుకోలేదట. వాటిని పెంచుకునే అనుమతి కాగితాలు నా పేరు మీదికి మార్పించి ఇచ్చింది. నీ చేతిరాత నోటుబుక్కు కూడా ఇచ్చింది.

పసుపు గీతలది కొర్ర, మబ్బు రంగుది సద్ద. "చలిదేశం పాములు నాయనా. మన గింజల పేర్లు పెడితే మన ఇంటివైపోతాయిలే" అన్నావు. గుర్తుందా?

వాటికి ఇల్లు నేనే కట్టాను. కింద, వెనక, పక్కలకు నల్ల కడప బండలు. ముందు అద్దం. పైన సన్న కన్నుల జల్లెడ బిగించిన చెక్క మూత, దానికి రెండు గడియలు. పాము ఒళ్లు గీసుకోకూడదని బండల అంచులన్నీ నున్నగా అరగదీశాను. ఎంతమంది గొప్పోళ్ల వంటింటి గట్లకు పాలిష్ పట్టానో... ఏ గట్టుకూ అంత మెరుపు రాలేదమ్మా! అడుగున కొబ్బరి పొట్టు పరిచాను. దాక్కోవడానికి ఒక మూల పగిలిన కుండ పెంకు పెట్టాను, ఒళ్లంతా మునిగేంత నీళ్ల తొట్టి పెట్టాను.

ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉండాలని రాశావు. వెచ్చదనానికి మన ఊళ్లో ఏం కొదవ? చల్లదనమే ఎక్కడ తేవాలి? గోనెసంచులు తడిపి బండల మీద వెలుపలి నుంచి కప్పాను. కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ మళ్లీ తడిపాను. బండ చల్లబడితే అవి రెండూ వచ్చి దానికి పొట్ట ఆనించి పడుకునేవి. ఇన్నేళ్లు ఆ బండల దుమ్ము మింగాను కదా, అవి నాకు చేసిన మేలు అదొక్కటే అనుకున్నాను.

మీ అమ్మ సంగతి చెబితే నవ్వుతావు. నాగుల చవితికి ఉపవాసముండి, రెండు మైళ్లు నడిచిపోయి పుట్టకు పాలు పోసి వచ్చే మనిషి, ఇంట్లో పాముకు గ్లాసెడు నీళ్లు పెట్టనంది. ఆ గది గడప తొక్కనంది. ఒక గిన్నెలో పాలు మాత్రం గడప బయట పెట్టి దండం పెట్టుకుని పోయింది. "పాము పాలు తాగదు నాయనా, అమ్మకు నువ్వే చెప్పాల" అని నువ్వు ఎన్నిసార్లు అన్నావు! నేను చెప్పలేదమ్మా. ఆ పాలు నేనే తాగేశాను.

వీధిలో వాళ్లు ఊరుకుంటారా? పక్కింటి సుబ్బరాయుడు అరుగు మీద నుంచి రోజూ ఒకటే అరుపు. "ఏమప్పా ఓబులేసూ, బండలోడివి పాములోడివైపోతివే! బూర కొనుక్కోలేదా ఇంకా?" నేనూ నవ్వేవాణ్ణి. ఆ నాలుగు నెలలూ నవ్వాను తల్లీ. నువ్వు పోయాక నవ్వింది అప్పుడే.

ఇక చెప్పాల్సింది చెబుతాను.

శివరాత్రి దాటాక నేల ఎండిపోయింది. ఎక్కడ తవ్వినా వాటికి తిండిగా పెట్టే వానపాము దొరకలేదు. ఒక పసుపు తోట రైతు ఎరువు తొట్టిలో చూశాను... ఎర్రగా, గుప్పెళ్లు గుప్పెళ్లు కదులుతున్నాయి! బంగారం దొరికినంత సంబరపడి డబ్బా నిండా తెచ్చాను. కొర్ర ఒకటి నోట కరుచుకుని వదిలేసింది. సద్ద రెండు మింగింది. కాసేపటికి కక్కింది. సాయంత్రానికి నోరు తెరుచుకుని పడుకుంది. మర్నాటికి లేదు.

నోటుబుక్కు తీశాను. "వానపాములు పెట్టాలి. నేలలో తవ్వినవి." అక్కడికి ఆ పేజీ అయిపోయింది. అంతే అనుకున్నాను. ఏడో తరగతి చదివినవాణ్ణి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను కానీ ఆకు వెనక్కి తిప్పలేదు. తిప్పితే ఉంది. "ఎరువు తొట్టిలో పెంచే ఎర్రవి మాత్రం వద్దు. వీటికి విషం." కింద రెండు గీతలు కూడా గీశావు.

నీ విషయంలోనూ ఇంతే చేశాను కదా... జ్వరమని ఫోన్ చేశావు. కషాయం తాగు, తగ్గుతుందిలే అన్నాను. "రేప్పొద్దున రాగలవా నాయనా" అన్నావు. ఫ్యాక్టరీలో లోడు ఉంది, ఎల్లుండి వస్తాలే అన్నాను. నువ్వు ఎప్పుడైనా రమ్మని అడిగినదానివా? అడిగావంటే ఎందుకో అని నాకు తట్టవద్దా? ఎల్లుండి వచ్చాను. అప్పటికి నీకు నన్ను గుర్తుపట్టే తెలివి లేదు.

సద్దను వేపచెట్టు కింద పూడ్చాను. ఉగాది దాటాక కొర్ర కూడా తిండి మానేసింది. దీన్నీ చంపేశాను అనుకున్నాను. రోజూ పొద్దున మూత తీసే ముందు కదులుతోందా అని అద్దంలోంచి చూసేవాణ్ణి. మూడు వారాలు, నాలుగు వారాలు... అది కడుపుతో ఉందని నాకెట్లా తెలుస్తుంది? నువ్వు రెండూ మగవే అనుకున్నావట. నస్రీన్ చెప్పింది. చూశావా, నువ్వు కూడా తప్పు చేస్తావు! ఆ మాట విన్నప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పిల్లలు పుట్టి ఇది ఆరో రోజు. తొమ్మిదిలో రెండు మొదటి రోజే కదల్లేదు. ఎండ బాగా ముదిరిన రోజు, గోనెలు తడిపేలోపే ఇంకో రెండు పోయాయి. ఐదున్నాయి. కొర్ర చల్లబండకు ఆనుకుని పడుకునే ఉంది, తల ఎత్తడం లేదు. ఒళ్లు ముడతలు పడింది. నస్రీన్‌కు ఫోన్‌లో చూపించాను. "చూద్దాం నాయనా" అంది. చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. నిన్ను చేర్చిన చోట డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు.

పిల్లలు పుట్టినప్పటి నుంచి ఏమీ తినలేదు, వానపాము ముక్కలైతే తింటాయని నస్రీన్ అంది. చేప సన్నగా తరిగి పెట్టాను, ముట్టలేదు. కాలువలో నీళ్లు లేవు. ఏ చేను తవ్వినా గడ్డపార ఖణేలుమంటోంది.

ఈ పొద్దున వెనకవైపు తవ్వుతున్న చప్పుడైంది. పోయి చూస్తే మీ అమ్మ. జాలాడిలో మేం పోసుకున్న స్నానాల నీళ్లు పారే చోట, నువ్వు నాటిన కరివేపాకు చెట్టు మొదట్లో, కొంగు బిగించి తవ్వుతోంది. ఆ జానెడు నేల ఒక్కటే ఊళ్లో తడిగా ఉందేమో... మూడు వానపాములు ఆకులో పెట్టుకుని గది గడప దగ్గరికి వచ్చింది. నా మొహం చూడకుండా "ఇదో, నీ మనవళ్లకు పెట్టుకో పో" అంది. పోలేదమ్మా. గడప దాటి లోపలికి వచ్చింది. అద్దం ముందు నిలబడి చాలాసేపు చూసింది. "హరిత మాదిరి సన్నగా ఉండాయి" అంది.

బ్లేడుతో సన్నగా కోసి పెట్టాను. నాలుగు మొహం తిప్పుకున్నాయి. అన్నిటికంటే చిన్నది, తోక కొన వంకరగా ఉన్నది, వచ్చింది. నాలుక ఆడించింది... తినింది తల్లీ! మింగుతున్నప్పుడు గొంతు కింద చిన్న ఉబ్బు నడుచుకుంటూ పోయింది. మేమిద్దరం అద్దం దగ్గరికి వంగి చూశాం. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎన్నేళ్లయిందో పట్టుకుని! ఇదే ఆ సంతోషం. అరుగు మీదికి పోయి సుబ్బరాయుడికి అరిచి చెప్పాను. "తినిందా? మంచిదప్పా, శానా మంచిది" అన్నాడు. ఎగతాళి చెయ్యలేదు.

అయినా నాకు తెలుసు. ఆ చెట్టు మొదలంతా తవ్వేశాం. ఇంక లేవు. వానకు ఎన్నాళ్లుందో... అగ్గిపుల్లంత ప్రాణాలు అన్నాళ్లు ఆగుతాయా? కొర్ర ఆగుతుందా? అది పోతే నువ్వు ముట్టుకున్న ప్రాణి ఈ ఇంట్లో నేనూ మీ అమ్మా తప్ప ఇంకేదీ మిగలదు. బతికిస్తానని నీకు మాట ఇవ్వలేను. ఇచ్చి తప్పడం నావల్ల కాదు, ఇంకొక్కసారి కాదు.

పిల్లల గురించి ఏమైనా రాశావేమోనని నోటుబుక్కంతా వెతికాను. ఈసారి ప్రతి ఆకూ వెనక్కి తిప్పాను. చివరి ఆకు వెనక ఏమీ లేదు. వెలుతురులో పెట్టి కూడా చూశాను. ఆ ఖాళీ పేజీ మీదే ఇది రాస్తున్నాను.

పేర్లు మాత్రం పెట్టను. ఆ పని నీది.

నువ్వు వాటిని తీసుకుని ఇంటికి వచ్చినప్పుడు నేను నీ పాముల డబ్బా దగ్గరికి పోతే చాలు, ఏ గదిలో ఉన్నా "నాయనా, మూత వేసినావా?" అని కేకేసేదానివి. ఇప్పటికీ లేచే ముందు ఒక నిమిషం ఆగుతాను, వినబడుతుందేమోనని.

వేశాను తల్లీ. రెండు గడియలూ పెట్టాను.

నీ నాయన
ఓబులేసు